మేనత్త చదివిన రాయి

మా మేనత్త గత మంగళవారం పొద్దున హనుమకొండలో కన్నుమూసింది. ప్రాచీన గ్రీకు శాసనాలు చదవడమే ఆమె జీవితమంతా చేసిన పని. ఆమె గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

వరంగల్ చౌరస్తాలో మా తాతది బట్టల దుకాణం. గ్రీకు నేర్చుకోవడానికి ఢిల్లీ పోతానంటే తాత, "మనకెందుకే ఆ దేశపోళ్ల రాతలు?" అన్నాడట.

"చదివెటోళ్లు తక్కువున్నరు నాయినా, అందుకే పోత" అందట అత్త.

ఢిల్లీలోనే పాఠాలు చెప్పింది. వేసవి సెలవులన్నీ గ్రీసులోనే. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి, ఆరాక ఒలిచి తెచ్చేది. దాని మీద అక్షరాలు ఉబ్బెత్తుగా, అద్దంలోలా తిరగబడి ఉండేవి. చదివేటప్పుడు పలకరిస్తే, "జర ఆగుండ్రి, ఈ రాతిలున్నామె ఏదో చెప్తాంది" అనేది.

ఆమెకు పేరు తెచ్చింది ఒక తల్లి సమాధి రాయి. దాన్ని పెట్టించింది ఎవరో చెప్పే చోట రాయి విరిగిపోయింది. అక్కడ "కొడుకు" అని ఉండేదని అత్త ఊహించింది. పండితులు ఒప్పుకున్నారు, పుస్తకాల్లోకీ ఎక్కింది.

రిటైరై హనుమకొండ వచ్చేశాక, మిగతా ముక్క దొరికిందని పాత శిష్యురాలు ఫొటో పంపింది. అందులో ఉన్నది కొడుకు కాదు, కూతురు. "మీరు చెప్పేదాకా దీని గురించి నేను రాయను మేడం" అంది ఫోన్లో ఆ శిష్యురాలు.

అత్త ఆ వారమే తన తప్పు గురించి తానే వ్యాసం రాసింది. నాకు మనసొప్పలేదు.

"ఇన్నేండ్ల పేరు గదత్తా. నీ శిష్యురాలినే రాయనియ్యరాదు?" అన్నాను.

"నా పేరుదేమున్నది బిడ్డా. ఆ పిల్ల తన తల్లికి రాయి పెట్టిచ్చింది. నేనేమో ఆమెను తీసేసి, లేని కొడుకును నిలబెట్టిన. నేను దిద్దకపోతే ఎట్ల?"

వ్యాసం పంపించాక ఆమెను అంత హుషారుగా నేనెన్నడూ చూడలేదు. ఇవాళ ఆ రాయి గురించి రాసేవాళ్లంతా ఆ వ్యాసాన్నే చూపిస్తారు.

చివరి ఏడాది చూపు బాగా తగ్గింది. కొత్త ముక్క మీద ఒత్తి తీసిన కాగితాన్ని శిష్యురాలు పంపిస్తే, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో పరుచుకుని వేళ్లతో చదివేది. ఒక సాయంత్రం నా చూపుడువేలు పట్టుకుని, ఆ ఉబ్బిన అక్షరాల మీద కుడి నుంచి ఎడమకు నడిపించింది. నాకు గ్రీకు రాదు.

"ఇగో, ఇక్కడ. 'బిడ్డ' అని ఉన్నది" అంది.

కాగితం గరుకుగా ఉంది, ఎండకు వెచ్చగా ఉంది.