ఓటెయ్యని పదహారొందల మంది

మా వదిన బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తుంది. నాలుగొందల మంది డ్రైవర్లూ కండక్టర్లూ ఎవరు ఏ బస్సు ఎక్కాలి, ఎన్నింటికి దిగాలి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నదంతా ఆవిడ బల్ల మీదే తేలాలి. అక్కడ అందరూ ఆవిడని చార్టమ్మ అంటారు. ఇంట్లో మా అమ్మ మాత్రం, "నా కోడలికి షుగర్ లేదు, బీపీ లేదు. 'ఎందుకు' అని ఒక్కటే జబ్బు" అంటుంది.

నిజమే. దుప్పట్ల షాపులో బిల్లు కౌంటర్లు రెండూ తెరిచే ఉన్నా జనమంతా ఒకదాని ముందే ఎందుకు నిలబడ్డారో తేల్చుకుంటే గానీ ఆవిడ కాలు అక్కణ్ణించి కదలదు.

ఆవిడ చదువుకున్నది ఆపరేషన్స్ రీసెర్చ్. ఉన్న మనుషులతో, ఉన్న బళ్ళతో, ఉన్న టైములో పని ఎలా సర్దితే ఎక్కువమందికి సరిపడుతుందో లెక్కకట్టి చెప్పే శాస్త్రం. పెళ్ళికి ముందు ఆ మాట విన్న మా అమ్మ, కాబోయే కోడలు ఆపరేషన్లు చేసే డాక్టరని బంధువులందరికీ టముకు వేసి, తర్వాత నాలుక కరుచుకుంది. ఆ శాస్త్రం వాళ్ళకి దేశమంతటికీ ఒక సంఘం ఉంది. వదిన అందులో ఇరవై రెండేళ్ళుగా సభ్యురాలు. ఏటా మహాసభకి వెళ్తుంది, తలుపు పక్కన చివరి వరసలో కూర్చుంటుంది, నోటు పుస్తకం నింపుకుని నోరు విప్పకుండా తిరిగొస్తుంది.

సంఘం అధ్యక్ష ఎన్నిక నోటీసు వచ్చిన రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మాది పై వాటా, కాబట్టి నేను ఎప్పుడు వాళ్ళింట్లో లేనో చెప్పడమే కష్టం. నోటీసు చదువుతూ చదువుతూ వదిన ఆగిపోయింది.

"సభ్యులు పద్దెనిమిది వందల నలభై మంది. కిందటిసారి పోటీ జరిగినప్పుడు ఓటేసింది రెండొందల పదకొండు మంది. మిగతా పదహారొందల మంది ఏమైపోయారు?"

"ఎక్కడికి పోతారు వదినా? బద్ధకం."

"అంతమందికీ ఒకేసారా?"

ఓటు కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఫోన్లో రెండు నిమిషాల పని. అందుకే ఆవిడకి అది మరీ మింగుడుపడలేదు. మర్నాడు సంఘం కార్యదర్శికే ఫోన్ చేసి అడిగింది.

"ఎవరికి తెలుసు మేడమ్?" అన్నాడాయన. "సభ్యుల నంబర్లు బయటికివ్వం. పోటీ చేసే అభ్యర్థులకే ఇస్తాం. అంత తెలుసుకోవాలనుంటే మీరే నిలబడండి."

ఆయన సరదాకి అన్నాడు. వదిన నామినేషన్ వేసేసింది.

మా అన్నయ్య కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. వదిన ఈ సంగతి చెప్పే సమయానికి ఎవరిదో కింది దవడ చేతిలో పట్టుకుని నునుపు చేస్తున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి, "అవతల ఎవరు?" అన్నాడు.

"ప్రొఫెసర్ గారు."

ఆ రంగంలో ప్రొఫెసర్ గారంటే ఒక్కరే. వదిన కాలేజీలో చదివింది ఆయన పుస్తకమే.

"గెలుద్దామనే?"

"గెలవడానికి కాదు. నంబర్ల కోసం."

"అయితే సరే," అని అన్నయ్య మళ్ళీ దవడ అందుకున్నాడు.

పదహారొందల మందికి ఫోన్ చెయ్యడం అయ్యే పని కాదు. అందుకని కార్యదర్శి ఇచ్చిన, కిందటిసారి ఓటెయ్యనివాళ్ళ జాబితాలో ప్రతి ఎనిమిదో పేరూ ఏరింది. రెండొందల మంది తేలారు. ఆరు వారాలు, డిపో నుంచి రాగానే చేతులు కడుక్కుని ఫోన్ దగ్గర కూర్చునేది. ఎవరే కారణం చెప్పారో నేను గడులు గీసి గీతలు కొట్టేదాన్ని. మా అమ్మ స్పీకర్ పెట్టమని పోరు పెట్టేది.

నంబర్లు మారినవాళ్ళు కొందరు. ఒకావిడ తన భర్త పోయి నాలుగేళ్ళయిందనీ, సంఘం పత్రిక ఇంకా వస్తోందనీ, అందులో చివరి పేజీ చిక్కులెక్కలు ఇప్పుడు తనే చేస్తోందనీ చెప్పింది. ఆవిడతో వదిన అరగంట మాట్లాడింది.

ఒకాయన బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాడు. "ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులు ఉంచాలో, ఏది ముందు వాడాలో లెక్కేస్తానమ్మా. తక్కువైతే మనిషి పోతాడు. ఎక్కువైతే రక్తం పాడైపోతుంది."

"అది మన శాస్త్రమే కదండీ! మరి ఓటెందుకు వెయ్యలేదు?"

"మహాసభకి ఒకసారి వచ్చాను. స్టేజీ మీద మాట్లాడింది ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను చేసేది ఇది కాదు కాబోలనుకుని మెల్లిగా బయటికొచ్చేశాను. సభ్యత్వం మాత్రం వదులుకోలేదు. ఎందుకో నాకే తెలీదు."

ఫోన్ పెట్టేశాక వదిన నా నోటు పుస్తకం అందుకుంది. 'బద్ధకం' గడిలో ఇరవై గీతలు కూడా లేవు. 'ఆ పెద్దవాళ్ళ మధ్య నేనెంత' అన్న గడి నిండిపోయి పక్క పేజీలోకి పాకింది.

"చివరి వరసలో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను," అంది.

ఎన్నికకి పది రోజుల ముందు అభ్యర్థులిద్దరినీ ఒక కాలేజీ హాల్లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగించారు. అన్నయ్యా నేనూ కూడా వెళ్ళాం. ఒక లెక్చరర్ లేచి, "మేడమ్ గారు ఇంతవరకు ఎన్ని పరిశోధన పత్రాలు ప్రచురించారో తెలుసుకోవచ్చా?" అన్నాడు.

"వారానికొకటండీ," అంది వదిన. "డిపో గోడ మీద అంటిస్తాం. తప్పుంటే మర్నాటికల్లా నాలుగొందల మంది చెప్తారు."

హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ప్రొఫెసర్ గారు. తర్వాత టీ కప్పుతో మా దగ్గరికొచ్చారు. "ముప్ఫై ఏళ్ళుగా డ్యూటీల లెక్క పాఠం చెబుతున్నానమ్మా. డిపో లోపలికి ఒక్కసారీ వెళ్ళలేదు. చూపిస్తారా?"

ఆ వారంలోనే, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి వచ్చారు. వదిన బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆయన వచ్చి ఐదు నిమిషాలయ్యిందో లేదో, ఒక డ్రైవర్ రుసరుసలాడుతూ లోపలికొచ్చాడు.

"చార్టమ్మా, నా బస్సుకి వాణ్ణి కండక్టర్‌గా వేశారేంటి?"

"మీ బావమరిదే కదయ్యా?"

"నిన్నటిదాకా బావమరిదే."

వదిన ఇంకో మాట అడగకుండా పేరు కొట్టేసి వేరే పేరు రాసింది. ప్రొఫెసర్ గారు ముందుకి వంగి, "ఇది ఏ నియమం కిందకి వస్తుంది?" అన్నారు.

"దీనికి నియమం లేదు సార్. రెండు నెలలు ఇద్దర్నీ కలపకూడదు. ఆ తర్వాత వాళ్ళే వచ్చి కలపమంటారు."

"రెండు నెలలని ఎలా తెలుసు?"

"స్థలం గొడవైతే ఏడాది పడుతుంది సార్. ఇతని మొహం చూస్తే ఇది మాటల గొడవ."

ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. వెళ్ళమన్నా సాయంత్రం దాకా వెళ్ళలేదట.

ఓట్లు లెక్కపెట్టారు. ఈసారి ఏడొందల నలుగురు వేశారు. ప్రొఫెసర్ గారికి మూడొందల డెబ్భై ఒకటి, వదినకి మూడొందల ముప్ఫై మూడు.

మేమంతా సంబరపడ్డాం. గెలవడానికి కాదని ఆవిడే అంది కదా, పైగా ఆ ఫోన్ల సంగతి నోటా నోటా పాకి, ఓటేసినవాళ్ళు మూడింతలయ్యారు. వదిన తలూపి, ఆరేసిన బట్టలు తెస్తానని మేడ మీదికి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. ఒకే తువ్వాలుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది.

"ముప్ఫై ఎనిమిది," అంది నన్ను చూసి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు గెలవాలని ఉందని ఇప్పుడు తెలిసింది. అది ఎప్పుడు మొదలైందంటావు?"

బట్టలు సగం నేను అందుకున్నాను.

ప్రొఫెసర్ గారు అధ్యక్షుడయ్యాక చేసిన మొదటి పని, మా గీతల పుస్తకం అడిగి తెప్పించుకోవడం. రెండోది, అందులో పాతికమందికి తనే ఫోన్ చెయ్యడం. మరుసటి మహాసభలో ఒక రోజంతా స్టేజీ తీసేసి బల్లలు వేయించారు. పనిచేసేవాళ్ళు తమ చిక్కులు తెచ్చుకుని కూర్చుంటే, పాఠాలు చెప్పేవాళ్ళు వాళ్ళ దగ్గరికొచ్చి వినాలి. ఆ ఏర్పాటంతా వదిన నెత్తినే పెట్టారు. బ్లడ్ బ్యాంకాయన పొద్దున్నే వచ్చి, మూడో బల్ల దగ్గర కుర్చీ వేసుకుని, భోజనానిక్కూడా లేవలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఈసారి వదిన, "గెలవడానికే నిలబడుతున్నాను," అని మా అందరి ముందూ చెప్పి మరీ నామినేషన్ వేసింది. గడువు ఇంకా రెండ్రోజులుందనగా కార్యదర్శి ఫోన్ చేశాడు.

"శుభవార్త మేడమ్! ఇంకెవరూ వెయ్యలేదు. ఏకగ్రీవమే!"

వదిన మొహం వాడిపోయింది. పోటీ లేకపోతే ఓటింగే ఉండదు. ఇంతమందిని ఓటు దాకా తెచ్చింది దీనికా? అరగంట గదిలో అటూ ఇటూ తిరిగి, పాల డెయిరీలో బళ్ళకి దారులు వేసే ఆవిడకి ఫోన్ చేసింది. బల్లల రోజున అందరినీ కడిగి పారేసిన మనిషి ఆవిడ.

"మీరు నా మీద పోటీ చెయ్యాలి."

"మతి పోయిందా మీకు? ఓడిపోవడానికి నేనెందుకు నిలబడతాను?"

"ఓడిపోతారని ఎవరన్నారు?"

"నిలబడితే గట్టిగానే నిలబడతాను. తర్వాత ఏడవకూడదు."

"ఏడవను," అని వదిన అబద్ధమాడింది.

మా అమ్మ తల పట్టుకుంది. "కాలు మీద కాలేసుకుని గెలిచేదానివి కదే! పోయి పోయి ఎదుటి మనిషిని నువ్వే వెతికి తెచ్చుకున్నావా?"

డెయిరీ ఆవిడ అన్నంత పనీ చేసింది. చార్టమ్మకి బస్సులు తప్ప ఇంకేం తెలుసని ఊరూరా ఫోన్లు చేసి అడిగింది. బల్లల రోజు ఏడాదికొక్కసారి పెడితే ఏం లాభం, మూడు నెలలకోసారి పెట్టాలంది. ఆ మాట విని వదిన, "ఇది నాకెందుకు తట్టలేదు?" అని రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

వెయ్యీ ఆరుగురు ఓటేశారు. వదినకి ఐదొందల పదిహేడు, ఆవిడకి నాలుగొందల ఎనభై తొమ్మిది. అన్నయ్య చేస్తున్న పని వదిలేసి, ప్లాస్టర్ అంటిన చేతులతోనే వదిన భుజాలు పట్టుకున్నాడు. ఈసారి ఆవిడ మా ముందే ఏడ్చింది.

సాయంత్రం డెయిరీ ఆవిడ ఫోన్ చేసింది. అభినందనలు ఒక్క ముక్కలో తేల్చేసి, "మీ మొదటి మీటింగు ఎన్నింటికి పెట్టారు?" అంది.

"మధ్యాహ్నం మూడింటికి. ఎప్పుడూ అదే టైమట."

"ఎవరికి కుదిరే టైమది? మాకు డెయిరీకి సాయంత్రం పాలు అప్పుడే వస్తాయి. పగటి డ్యూటీ ఉన్నవాడెవడూ రాలేడు."

వదిన పెన్ను తీసుకుంది. "మరి మీకెప్పుడు కుదురుతుంది?"

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పెట్టారు. డెయిరీ ఆవిడని కూడా కార్యవర్గంలోకి తీసుకున్నారు. పంతొమ్మిది మందిలో పదహారుగురు వచ్చారనీ, మొదటి గంటంతా తామిద్దరూ వాదించుకున్నారనీ వదిన ఇంటికొచ్చి హుషారుగా చెప్పింది.