బంతిని చూడొద్దన్న సారు, సారును నమ్మని జేజి

మా చిన్నప్పుడు... ఆగు లాస్యా. నిన్న నా పాత ఫోటో కింద "మా అవ్వకు బాస్కెట్‌బాల్ నేర్పింది వాళ్ల డ్రిల్లు సారు" అని రాశావు. సగమే నిజం. మిగతా సగం నేర్పింది మా జేజి, అంటే మా నాయనమ్మ... ఆమె జన్మలో బంతి ముట్టలేదు.

గుత్తి కోట కింద మా బడి. కోర్టంటే చదును చేసిన ఎర్రమట్టి. సారు కొత్తగా వచ్చాడు. నెల తిరిగినా మమ్మల్ని రింగు వైపు పోనివ్వలేదు. బంతిని నేలకు కొడుతూ ముందుకు రావాలి... తల వంచకూడదు. ఎదురుగా నిలబడి ఆయన వేళ్లు చూపిస్తాడు, ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. బంతిని చూశామా, మళ్లీ మొదటికి.

మా జేజి, పాలు పలచనైతే ఎనుము మీదే అనుమానపడే మనిషి. ఒక సాయంత్రం వచ్చి చూసింది... ఆడపిల్లలందరూ బంతిని వదిలేసి మగవాడి వైపు చూస్తున్నారు!

"ఏమప్పా సారూ! బంతి ఆడ ఉండాది, పిల్లోళ్లు నిన్ను చూస్తాండారు. ఇదేం ఆట?"

"నన్ను కాదవ్వా, వేళ్లను. కిందికి చూస్తే ఎదురొచ్చేటోళ్లు బంతి లాక్కుంటారు."

"ఇట్లాంటివి శానా ఇన్నాంలే. రేపట్నుంచి మా పాప రాదు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. సారు తన స్టూలు ముందుకు జరిపాడు.

"అట్లయితే నువ్వే కూచో అవ్వా. నీ వేళ్లే చూస్తారు."

కూర్చుంది. మర్నాడూ వచ్చింది... ఒక కన్ను మాత్రం సారు మీదే. మమ్మల్నీ నమ్మలేదు. వేళ్లు చూపి, చటుక్కున మార్చి, కొంగు కింద దాచేసేది.

"బంతిని చూసినావు! నా కండ్ల ముందరే దొంగతనమా? పో, మళ్లా రా."

ఆ ఏడు ధర్మవరం పిల్లలతో పోటీలో నా చేతిలోంచి బంతి ఎవరూ లాక్కోలేకపోయారు. బస్సులో ఇంటికొస్తూ జేజి అన్నది... "ఆ సారును మాత్రం నేను నమ్మను."

ఇప్పుడు మీ కోచింగులో మొదటిరోజే రింగులో బంతి వేయించి వీడియో తీస్తున్నారు. పెద్దవాళ్లు గేటు దగ్గర దించేసి పోతున్నారు... కూర్చుని అనుమానపడే తీరిక ఎవరికుంది? ఆ ఫోటో చూసినవాళ్లలో ఎవరికైనా అలా కాపలా కాసినవాళ్లుంటే చెప్పండి, వినాలని ఉంది.

లాస్యా, నువ్వు మాత్రం రేపు కోచింగుకు పోయేటప్పుడు వెనకగదిలోని నీలం స్టూలు తీసుకుపోయి రింగు కింద వెయ్యి. ఒక కాలు ఊగుతుంది, అట్టముక్క మడిచి పెట్టు. నేనొచ్చి కూర్చుంటానని మీ సారుకు ముందుగా చెప్పొద్దు.