ఎర్ర గుర్తు పక్కన నా పేరు

పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో ఉండగా, వనపర్తి కోర్టు దగ్గరి ఒక జిరాక్స్ సెంటర్‌లో కంప్యూటర్ మొరాయిస్తే నన్నే పిలిచేవారు. అక్కడ తెలుగు దస్తావేజులు టైపు చేసే అక్క ఖిల్లా ఘణపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ రోజు నేను వెళ్లేసరికి ఆమె కుర్చీలో లేదు. గోడ పక్కన నిలబడి ఉంది.

“ఆమె కూసుంటేనే బందయితది,” అన్నాడు సెంటర్ నడిపే సేటు. “నేను ఇంగ్లిష్ అఫిడవిట్లు కొడ్త, ఎన్నడన్న బందయిందా? ఇయ్యాల మల్ల మూడు పేజీలు పోయినయ్. రేపట్నుంచి రావొద్దని చెప్పిన.”

“నేనేం జేసిన తమ్మీ? కొడుతుంటె కొడుతుంటెనే మాయమైతది,” అంది అక్క.

అలవాటు ప్రకారం కాగితం మీద అనుమానాలు రాసుకున్నాను. ఒకటి, ర్యామ్. రెండు, వైరస్. మూడు, కరెంటు. నాలుగు, అక్క తొందరపాటు. ఆ నాలుగోది రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“ప్రోగ్రాం మూసుకుపోయినంక ఎర్రర్ రిపోర్ట్ పంపాలా వద్దా అని అడుగుతది గదక్కా. ఏం నొక్కుతవ్?”

“వద్దనే నొక్కుత. మన మీద మనమే రిపోర్ట్ ఇచ్చుకుంటమా? పోలీసోల్లు రారా?”

“మంచి పని జేసినవ్,” అన్నాడు సేటు. “అండ్ల ఎక్కిచ్చిన విండోస్ సీడీ గూడ దొంగదే.”

మా దగ్గర రిపోర్ట్ ఇవ్వడమంటే ఠాణాకు పోవడమే. నవ్వొచ్చింది. వద్దంటే ఆ రిపోర్ట్ కంపెనీకి వెళ్లదు, అంతే. ప్రోగ్రాం కూలిన సంగతిని సిస్టం మాత్రం తన లాగ్‌లో రాసుకుంటుంది: తేదీ, సమయం, కూలిన ప్రోగ్రాం, దాన్ని కూల్చిన ఫైలు. ఆ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి. పైదాన్ని నొక్కాను.

తప్పు చేసిన ఫైలు అన్నచోట నా పేరుంది.

రెండోది తెరిచాను. నా పేరే. మూడోది కూడా. అక్క టైపు మిషన్ మీద నేర్చుకున్న మనిషి. ఆమె వేళ్లకు అలవాటైన చోటే తెలుగు అక్షరాలు వచ్చేలా రెండు వారాల కింద నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఆ కంప్యూటర్‌లో వేశాను. గొప్పగా ఉంటుందని ఫైలుకు నా పేరు పెట్టాను. మొట్టమొదటి ఎర్ర గుర్తు అది వేసిన సాయంత్రానిదే. సేటు తెలుగు కొట్టడు కనుక ఆయన కూర్చున్నప్పుడు ఏమీ కాలేదు.

వైరస్ అని చెప్పి ఆ ఫైలు తీసేయవచ్చు. ఆ లాగ్ చదవడం అక్కడ ఇంకెవరికీ రాదు. కానీ రేపు అక్కకు పని ఉండదు.

“ఏందిరా, గట్లయినవ్?” అన్నాడు సేటు.

“తప్పు అక్కది కాదు సేటూ, నాది. నేనేసిన ప్రోగ్రామే కూలగొడుతుంది.” తెర చూపించాను.

సేటు కూడబలుక్కుని చదివాడు. “అరె, నీ పేరే! రిపోర్ట్ ఎవరిచ్చిండ్రు?”

“ఎవ్వరియ్యలే. అదే రాసుకుంది.”

“ఠాణాల కేసులు రాసే రైటర్ కంటె పక్కాగున్నది గదరా!”

అక్క నవ్వలేదు. “రెండు వారాల సంది నన్ను తిట్టిపిచ్చినవ్ గద తమ్మీ,” అంది. ఫైలు తీసేశాను. సేటు ఆమెకు కుర్చీ చూపించి, “కూసోమ్మా,” అన్నాడు. రావొద్దన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అక్క కూర్చోలేదు.

“ముందుగాల గా ఎర్ర గుర్తులది ప్రింట్ తియ్యి. తారీఖులన్ని రావాలె. నా దగ్గరుంచుకుంట.”

తీశాను. ఆమె ఒక్కో కాగితం మీద వేలు పెట్టి, తాను తిట్లు తిన్న రోజులను సరిచూసుకుంది. ఆ తర్వాతే కూర్చుంది.