కారు తలుపు, తిరుపతమ్మ చెయ్యి

తిరుపతమ్మకు చీరల మీద కన్ను లేదు, నగల మీద అసలే లేదు. పక్కింట్లో కొత్త మిక్సీ కొంటే తనింట్లో కొన్నంత సంబరపడే మనిషి. అలాంటి మనిషికి కడుపుమంట అంటే ఏమిటో సకల జనుల సమ్మె రోజుల్లో తెలిసొచ్చింది. అదీ అరవై ఏళ్ల పెద్దాయన చేతిలోని సుత్తెను చూసి.

ఆమె భర్త రామస్వామిది నల్గొండ జిల్లా. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో కార్ల సొట్టలు తీసి రంగులు వేసే షాపు అతనిది. మన్సూరాబాద్‌లో గంగాధరరావుగారి ఇంటి వెనక రెండు గదుల్లో కిరాయికి ఉండేవారు. గంగాధరరావుగారు గోదావరి వైపు నుంచి వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

సమ్మెతో షాపు మూతపడింది. రామస్వామి పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నాకు పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. సరిగ్గా అప్పుడే గంగాధరరావుగారు తన తెల్ల కారును తన గేటు స్తంభానికే గుద్దారు. ఎడమ తలుపు లోపలికి పోయింది.

"షాపు తెరిచినంక చేస్త సార్," అన్నాడు రామస్వామి.

"నువ్వు చెబుతూ ఉండు, నేనే చేసుకుంటాను. ఖాళీగానే ఉన్నాగా."

సమ్మెలో ఎక్కడ సంపాదించారో, రెండు రోజుల్లో సుత్తె, ఇనుప దిమ్మె, గరుకు కాగితాలు, సొట్టలు పూడ్చే లప్పం డబ్బా తెచ్చి కొత్త కాపురం సామానులా వరండాలో సర్దుకున్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి పాఠాలు మొదలు.

"సొట్ట నడుమ కొట్టొద్దు సార్. అంచుల పొంటి రావాలె. లోపట సుత్తె, బైట దిమ్మె. కండ్లను నమ్మకుండ్రి. పల్చటి గుడ్డ ఏసి దానిమీద అరచెయ్యి జరపుండ్రి. ఎత్తేదో పల్లమేదో చెయ్యే చెప్తది."

గంగాధరరావుగారు ఠంగుమని ఒకటి వేశారు.

"జర మెల్లగ సార్! తెలంగాణ సుత్తె అది."

"సుత్తెకి కూడా ప్రాంతం ఉంటుందటయ్యా?"

"ఉండదా మరి? కొట్టేది మేము, కార్లు మీయి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. వెనక మెట్ల మీద గోకరకాయ తుంచుతున్న తిరుపతమ్మ నవ్వలేదు. తొమ్మిదేళ్లుగా భర్త బట్టల రంగు మరకలు ఉతుకుతోంది. పెళ్లైన కొత్తలో షాపుకు సద్ది తీసుకుపోయి, ఒక్కసారి సుత్తె పట్టుకోబోతే "ఆడిదానికి ఎందుకే గీ పని" అని లాక్కున్నాడు. ఆ సుత్తె ఒక్కసారి తన చేతిలో పెట్టి, ఇట్ల కొట్టు అని చెప్తే చాలని అప్పటి నుంచీ ఉంది ఆమెకు. ఎవరికీ చెప్పుకోలేదు. రోడ్డు మీద ఆంధ్రోళ్లు మన కొలువులు గుంజుకున్నరని గొంతు చించుకుంటాడు, ఇంటికొచ్చి ఉన్న విద్యంతా ఈ సారు దోసిట్లోనే పోస్తాడు అనుకుంది.

"మీకు చెయ్యి కుదిరింది సార్," అని రామస్వామి మెచ్చుకున్న రోజు ఆమెకు అన్నం సయించలేదు.

వాళ్లిద్దరూ చాయ్ తాగడానికి లోపలికి పోయినప్పుడల్లా, కొంగు పరిచి తలుపు మీద అరచెయ్యి జరిపేది. నాలుగో రోజుకు చెయ్యి నిజంగానే మాట్లాడటం మొదలుపెట్టింది. తలుపు పిడి కింద వేలెడంత మేర రేకు ఇంకా ఉబ్బి ఉందని ఆమెకు తెలుసు. వాళ్లకు తెలియదు.

మర్నాడు రామస్వామి ధర్నా నుంచి రాకముందే గంగాధరరావుగారు తొందరపడ్డారు. తలుపును తడి గుడ్డతో తుడిచి, ఆరనివ్వకుండానే లప్పం పూయసాగారు. తడి రేకును లప్పం పట్టదని రామస్వామి ఎన్నిసార్లు చెప్పాడో మెట్ల మీది మనిషికి గుర్తుంది, పూస్తున్న మనిషికి లేదు. "సార్, తడి" అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

రామస్వామి వచ్చి, ఎండిన లప్పాన్ని గోటితో తట్టి మొహం చిట్లించాడు. బొటనవేలితో అంచు లేపితే గోడ మీది పిడకలా మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. గంగాధరరావుగారు ముక్కాలిపీట మీద కూలబడ్డారు.

"నాకు రాదులేవయ్యా. అనవసరంగా ఆశపడ్డాను."

తిరుపతమ్మకు లోపల చల్లగా అనిపించింది. కానీ ఆయన లప్పం అంటిన వేళ్లను పిల్లాడిలా పంచెకు తుడుచుకోవడం చూసేసరికి ఆ చల్లదనం నిలవలేదు.

"సార్ తడి మీదనే పెట్టిండ్రు. నేను చూసిన," అంది.

రామస్వామి వెనక్కి తిరిగాడు. "చూసి ఊకున్నవా?"

"నన్నడిగిండ్రా ఎవ్వరన్న? తొమ్మిదేండ్ల సంది ఒక్క ముక్క చెప్పినవా నాకు? ఆయనకైతే రోజూ చెప్తివి!"

"ఏందే, సార్ ముంగట..."

"పిడి కింద రేకు ఇంకా లేసే ఉన్నది. అది సుత అడుగు సార్‌నే."

గుమ్మంలో నిలబడ్డ గంగాధరరావుగారి భార్య సీతామహాలక్ష్మిగారు ఆయన్ను చూసి మూతి తిప్పారు. "ఆ సుత్తెదో ఆ పిల్లకివ్వండి. మీ ఇద్దరి వైభోగం చూశాంగా వారం నుంచీ."

రామస్వామి పిడి కింద గుడ్డ వేసి చెయ్యి జరిపాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. సుత్తె కర్ర ఆమె వైపు ఉండేలా పట్టుకుని అందించాడు. తను లోపల దిమ్మె ఆనించి, "బైట నుంచి. మెల్లగ," అన్నాడు.

ఆమె కొట్టింది. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోది కూడా. ఆరో ఏడో దెబ్బకు చప్పుడు మారింది, ఉబ్బు దిగింది. గంగాధరరావుగారు లేచి వచ్చి గరుకు కాగితం అందించారు గానీ, ఆయన చూపు ఆమె చేతి మీద నుంచి కదల్లేదు. ఆ చూపేమిటో తిరుపతమ్మకు బాగా తెలుసు.

రంగు వేశాక కాలనీవాళ్లందరికీ "నేనే చేశా" అని చెప్పుకున్నారాయన. తిరుపతమ్మకు మళ్లీ మండింది.

సమ్మె ముగిసి షాపు తెరిచే రోజు రామస్వామి బండి స్టార్ట్ చేసి చూస్తే, వెనక తిరుపతమ్మ చెప్పులేసుకుని నిలబడి ఉంది.

"ఏడికి?"

"షాపుకు."

"జనం ఏమనుకుంటరే?"

"సార్‌కు నేర్పినప్పుడు ఏమనుకున్నరు?"

అతను వెనక సీటు మీది దుమ్ము దులిపాడు. "షాపుల నా మీద నోరు లేపొద్దు మరి."

"లేప. చూస్త. చూసినంక చేస్త," అని ఎక్కి కూర్చుంది.