ఇరవై నాలుగు రేకులు

మొన్న మనవరాలి ఫోనుకు చార్జరు కొందామని రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఒక దుకాణానికి వెళ్లి, అలవాటు చావక సగం ధరకు అడిగితే, కౌంటరు దగ్గరి అమ్మాయి డబ్బా మీది అంకె చూపించింది. బేరం లేదట. అగ్గిపెట్టెంత ఆ వస్తువును అరచేతిలో పట్టుకుని నడుస్తుంటే, ఒకప్పుడు ఇదే పని చేసే యంత్రాన్ని నలుగురం మోసి ఎడ్లబండి ఎక్కించిన రోజు గుర్తొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మాట. రాయపూర్‌లో రైల్వే తెలుగువాళ్లకు చింతపండూ బెల్లమూ అమ్మే కిరాణా కొట్టు మాది. నాకు మాటలకన్నా ముందే బేరం వచ్చిందని అమ్మ అనేది. మా అక్క భర్త, బావగారు, రైలుపెట్టెల్లో దీపాలూ బ్యాటరీలూ చూసే ఉద్యోగి. ఆయన చేతి విద్యా నా నాలుకా కలిస్తే తిరుగుండదని నమ్మబలికి, ఆ స్థిరమైన కొలువు మాన్పించి, ఒక షెడ్డు తీసుకుని, మిల్లులకీ బస్సులవాళ్లకీ ఎవరికి కావలసినట్టు వాళ్లకు బ్యాటరీ చార్జర్లు కట్టి ఇస్తామని బోర్డు పెట్టించాను.

మొదటి పెద్ద గిరాకీ టాటీబంధ్ వైపు బస్సులు నిలుపుకునే ఒక సేఠ్‌ది. మొదటి యంత్రం ఎండాకాలం గట్టెక్కితే తన మిగతా డిపోల యంత్రాలూ మావే అన్నాడు. బావగారు ట్రాన్స్‌ఫార్మరు తీగ తానే చుట్టుకుని, అటూ ఇటూ ఊగే కరెంటును ఒకే దారిన నడిపించే సెలీనియం రేకులు కలకత్తా నుంచి ఇరవై నాలుగు తెప్పించమన్నారు.

మా కొట్లో ఇరవై నాలుగన్నవాడి మనసులో పదహారుంటుంది. అది అబద్ధం కాదు, మర్యాద. కనుక నేను పన్నెండన్నాను.

“ఇది చింతపండు కాదోయ్. రేకులు తగ్గితే ఉన్నవాటి మీద బరువు పడి వేడెక్కి మాడతాయి. రాయపూర్ ఎండ నీ బేరానికి దిగదు.”

“పద్నాలుగు బావగారూ, అక్క మొహం చూసి!”

ఆయన నవ్వేశారు. ఆ నవ్వును ఒప్పుకోలు కింద జమకట్టుకుని, పెద్దమనసు చేసుకుని పదహారు తెప్పించాను. ఎండ ముదిరేలోగా మిగతా ఎనిమిదీ రావాలన్నారాయన. తల ఊపాను. చలికాలమంతా యంత్రం చక్కగా నడవడంతో, నా తెలివికి నేనే మురిసి, ఆ ఎనిమిదీ తెప్పించకుండా ఊరుకున్నాను.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం సేఠ్ మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చి పిలిచాడు. వెళ్లేసరికి అక్కడంతా కుళ్లిన ముల్లంగి కంపు. సెలీనియం మాడితే వచ్చే వాసన అది. బ్యాటరీలు నిండక మూడు బస్సులు కదలకుండా నిలిచిపోయాయి. లెక్క కట్టింది ఎవరని సేఠ్ అరిచాడు. నేను నోరు తెరిచేలోగా బావగారు, “మేరా హిసాబ్ హై, సేఠ్‌జీ” అంటూ ఆ లెక్కను తన మీద వేసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక నా నాలుక పనిచేయనిది ఆ ఒక్కరోజే.

ఇరవై నాలుగు వేసి మళ్లీ కట్టి ఇచ్చాం. అది ఏళ్ల తరబడి నడిచింది. మిగతా డిపోలు మాత్రం మరొకరికి పోయాయి, బావగారికి వదిలిన కొలువు తిరిగి దొరకలేదు, షెడ్డు ఈడ్చుకుంటూ నడిచింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. కాకపోతే అటు తరవాత అలాంటి యంత్రానికి ఎన్ని రేకులని అడిగితే ముప్పై రెండనేవారు. నేను కొసరి కొసరి ఇరవై నాలుగుకు దింపేవాణ్ణి. ఆ బేరాలన్నీ నేనే గెలిచాననుకుంటూ చాలాకాలం గడిపాను.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకే ధర, ఒకే మాట. ఆ మాట డబ్బా చెబుతోంది, నేనూ నోరుమూసుకుని వింటున్నాను. ఆ రోజుల్లో ఒక మనిషి ఇరవై నాలుగని చెప్పాడు, నేను పన్నెండన్నాను.