పాత డిస్కులో అప్పన్న గొంతు

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నది. ఒక ల్యాప్‌టాప్‌లో పాత డిస్కును చెరిపేశాను. దాని వెంట చెప్పిన అబద్ధం మాత్రం ఐదేళ్లుగా నాతోనే ఉంది. రోజూ పొద్దున దుకాణం షట్టరు ఎత్తితే, నాకన్నా ముందే వచ్చి లోపల కూర్చున్నట్టుండేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒడిశాలోని బరంపురంలో, హల్దియాపదర్ అనే చోట నాది ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం. అక్కడికి ల్యాప్‌టాప్ తెచ్చిన పార్వతి, సముద్రం ఒడ్డున ఉన్న చమఖండిలో టీచరు. వాళ్ల నాన్న ఎర్రయ్య సముద్రం వేట మానేసిన ముసలాయన. ఆమె ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టేది. మొదటిసారి వచ్చినప్పుడు ఎర్రయ్య దాన్ని చూపించి, "మా పాత తెప్ప దీనికన్నా బేగి కదుల్తాది బాబూ," అన్నాడు.

ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త డిస్కు తెచ్చి, పాత డిస్కులోని సిస్టమంతా ఉన్నదున్నట్టు అందులోకి ఎక్కించాను. ఒకసారి ఆన్ చేసి చూశాను. క్షణాల్లో తెరుచుకుంది. తర్వాత పాత డిస్కును సీడీ పెట్టే చోట బిగించి, మళ్లీ చూడకుండానే ఇచ్చేశాను. రెండు డిస్కుల్లోనూ ఒకే సిస్టమ్ ఉన్నప్పుడు దేన్నుంచి మొదలవ్వాలో యంత్రానికి మనం చెప్పాలి. నేను చెప్పలేదు. అది పాతదాన్నుంచే మొదలవుతూ వచ్చింది.

మూడు వారాలకు తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. ఇంకా నెమ్మదిగానే ఉందన్నారు. కారణం వెంటనే దొరికింది, సెట్టింగు మార్చాను. ఇక పాత డిస్కుతో పనేముంది, ఖాళీ చేస్తే ఫైళ్లు దాచుకోవడానికి పనికొస్తుందని, ఆమెను ఒక్క మాట కూడా అడగకుండా ఫార్మాట్ కొట్టాను. ఈ మూడు వారాలూ ఆమె చేసిన పనంతా ఆ పాతదాంట్లోనే చేరి ఉంటుందని నాకు తట్టలేదు. తట్టాల్సింది. నా పనే అది.

పార్వతి కాసేపు వెతికింది. "భాయీ, నాన్న రికార్డింగులు కనపడ్డం నేదు."

ఏ రికార్డింగులని అడిగాను. అప్పుడు చెప్పింది. సముద్రం అడుగున రాళ్లున్న చోట చేపలు చేరతాయి. పైనుంచి చూస్తే ఎటు చూసినా ఒకటే నీళ్లు. ఎర్రయ్య, ఆయన జతగాడు అప్పన్న నలభై ఏళ్లు ఒకే తెప్ప మీద వేటకు వెళ్లారు. ఎర్రయ్య దక్షిణం వైపు చూస్తూ, ఒడ్డున లైట్‌హౌసు, దాని వెనకున్న కొండ అంచు ఒకే గీతలోకి రావడం కనిపెట్టేవాడు. అప్పన్న ఉత్తరం వైపు చూసేవాడు. ఈయన గీత, ఆయన గీత ఎక్కడ కలిస్తే అక్కడ వల. ఎవరి వైపు వారిదే. ఒకరి గుర్తులు ఇంకొకరికి తెలియవు. ఈ ఇద్దరినీ ఆ మూడు వారాలూ ఇసుకలో కూర్చోబెట్టి, ముప్పై చోట్ల గుర్తులను వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసింది ఆమె.

అవన్నీ నేను చెరిపిన డిస్కులోనే ఉన్నాయి. కానీ అప్పటికింకా దారి ఉంది. మీకు చెప్పాల్సింది అసలు ఇదే. ఫార్మాట్ చేసిన డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకపోతే, పోయినవాటిని చాలావరకు వెనక్కి తీయొచ్చు. ఆ పని నాకు వచ్చు. "ల్యాప్‌టాప్ ఇక్కడుంచండి, నేనే చెరిపాను, తీసిస్తాను" అంటే సరిపోయేది. మధ్యలో ఉన్న ఆ రెండు మాటలు నా నోట రాలేదు.

"మీరు సేవ్ చేసుండరు దిదీ," అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎర్రయ్య నవ్వాడు. "ఏటమ్మా ఆ ఏడుపు? సదువుకున్నోడు సెప్తున్నాడు గదా. అప్పన్న గాడి గొంతుకి కాకులే లెగిసిపోతాయి, ఇంక మిసనెలా ఉంటాది? మళ్లీ సెప్తాం, లెగు."

ల్యాప్‌టాప్ ఇచ్చేశాను. ఆమె బడి ఫైళ్లను ఖాళీ అయిన ఆ డిస్కులోనే నింపుతుందని తెలిసే ఇచ్చాను. అందుకు పనికొస్తుందని చెప్పింది నేనే కదా. ఎందుకు చేశాను? దుకాణం పేరు పోతుందనా? 'చదువుకున్నోడు' అన్న ఆ ముసలాయన ముందు చిన్నబోవడం ఇష్టం లేకా? ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు. రెండోది నిజమేమోనని భయం.

మళ్లీ చెప్పడం మొదలుపెట్టేలోపే అప్పన్న పోయాడు. నాలుగు రోజుల జ్వరం. ఛార్జరు కోసం వచ్చినప్పుడు పార్వతి ఆ మాట చెప్పింది. ఎర్రయ్య దగ్గర ముప్పై గీతలు మిగిలాయి. ఒక్క చోటూ మిగల్లేదు.

ఈ ఏడాది, ఒక ఆదివారం, చమఖండి వెళ్లి పార్వతికి అంతా చెప్పాను. గుమ్మంలో నిలబడే విన్నది. "నాన్నకి నువ్వే సెప్పు," అని లోపలికి వెళ్లిపోయింది. అంతవరకు నన్ను మీరు అనేది.

అక్కడే చెప్పాలని, ఆ ముప్పై చోట్లలో ఒకదాని వైపు సముద్రంలోకి తీసుకెళ్లమని ఎర్రయ్యను అడిగాను. ఆయన మేనల్లుడు పడవ నడిపాడు. "మావా, ఫోనులో దారి సూసుకుంటే పోదా?" అన్నాడతను.

"నీ ఫోను అడుగున రాయి సూపిత్తాదేట్రా? నడుపు."

తన గీత మీదికి రాగానే ఎర్రయ్య చెయ్యెత్తి పడవ ఆపించాడు. నాకు దూరంగా మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన దాన్ని తన ఇంటి గోడను చూస్తున్నట్టు చూస్తున్నాడు. అక్కడ చెప్పాను. చెరిపింది నేనేనని, వెనక్కి తీయగలిగీ తీయలేదని. ఆయన కొండ మీంచి చూపు తిప్పలేదు. "నాకెందుకు సెప్తావు బాబూ? ఆడికి సెప్పాల. ఆడు బతికున్నప్పుడు సెప్పాల," అన్నాడు.

తర్వాత సీసపు గుండు కట్టిన తాడు నా చేతిలో పెట్టాడు. "ఒదులు."

తాడు అడుగుకు దిగాక, దాని మీద రెండు వేళ్లు ఆనించి, "ఇసక" అన్నాడు. తన గీత తప్పకుండా పడవను కొంచెం ముందుకు పోనిచ్చాడు. "ఇసక." ఇంకొంచెం. "బురద." ఎన్నిసార్లు దింపానో లెక్కలేదు, నా అరచేతులు ఒరుసుకుపోయాయి. చివరికి ఆయన వేళ్లు ఆగాయి. "రాయి."

అప్పుడు మెల్లగా ఉత్తరం వైపు తిరిగాడు. ఒడ్డున ఒక మోడు తాటిచెట్టు, సరిగ్గా దాని వెనక ఒక తెల్లటి గోడ. నలభై ఏళ్లు అప్పన్న చూసినదాన్ని ఎర్రయ్య మొదటిసారి చూస్తున్నాడు. "ఓరి అప్పన్నా," అన్నాడు, "ఇదేట్రా నువ్వు సూసింది!" రెండు వేళ్లతో సముద్రం అడుగు చదివిన మనిషి పక్కన కూర్చుని ఉన్నాను. ఆ చదువును చెరిపింది నేను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ముప్పైలో ఎనిమిది దొరికాయి. కొన్ని గుర్తుల చెట్లు తుఫానులకు కూలిపోయాయి, అవి ఇక దొరకవు. దొరికినవి ఎర్రయ్య గొంతులో రికార్డు చేసి, మూడు చోట్ల దాచి, తెరిచి వినిపించాకే పార్వతి చేతికి ఇస్తున్నాను. ఆమె తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. ఎర్రయ్య నేను చెరిపిన సంగతి మళ్లీ ఎత్తలేదు. పడవ ఆగగానే తాడు మాత్రం నాకే ఇస్తాడు. నేను దింపుతాను.