అస్గర్ సాబ్‌కు రెండో సాక్షి కావాలి

ఏ మాటైనా ఒక్కడు చెబితే అస్గర్ సాబ్ నమ్మడు. బయట వాన పడుతోందని మీరు నిలువునా తడిసి వచ్చి చెప్పినా, "రెండో సాక్షి ఎవరు?" అంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని తన నాలుకే చెప్పినా, పక్కవాడి మొహం చూసిగానీ ఒప్పుకోడు.

ఆయనది డెన్మార్క్. అసలు పేరు ఆస్గర్. సౌదీలో మేం పనిచేసే యాన్బు రిఫైనరీ ఆఫీసులో ఆ పేరు చెవిన పడగానే మా కడప జిలానీ "మనోడేలే" అని తేల్చేసి, శుక్రవారం పూట ఆయన తలుపు కొట్టాడు. ఎర్రగడ్డం తెల్లాయన తలుపు తీశాడు.

"నమాజుకు పోదాం రా భాయ్."

"నేను ముస్లింనని నీకెవరు చెప్పారు?"

"నీ పేరే చెప్పె."

"అది ఒక్క సాక్షే కదా," అన్నాడాయన. ఆ రోజు నుంచి మాకు అస్గర్ సాబ్ అయిపోయాడు.

సొంత దేశంలో చాలాకాలం పత్రికా విలేఖరి. అది వదిలేసి చారిత్రక నవలలు పట్టుకున్నాడు. పొట్టకోసం మా కంపెనీ భద్రతా పుస్తకాల్లో ఇంగ్లీషు దిద్దుతూ, మనసుకోసం వెనకటి కాలంలో ఎర్రసముద్రానికి వచ్చిన ఒక డేనిష్ ఓడ కథ రాస్తున్నాడు. ఓడ వచ్చిన రోజు గాలి ఎటు వీచిందో ఒక్క నావికుడే చెప్పాడట. రెండో సాక్షి దొరక్క నవల్లో ఆ ఓడ ఏళ్ల తరబడి రేవు బయటే ఆగిపోయింది.

"నవలే గద సాబ్, ఊహించి రాయి," అన్నాను.

"గాలి అబద్ధమైతే ఓడ మునుగుతుంది అఖీల్," అన్నాడు, మా ఇంట్లో తిని తిని అబ్బిన తెలుగులో.

ఆ జబ్బు మా ఇంటికీ అంటుకుంది. మా పాప మదార్బీ బడి ఎగ్గొట్టాలని కడుపునొప్పి అంటే, నా భార్య అఫ్షాన్ "రెండో సాక్షి ఎవరే?" అనేది.

అంతలో, సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ రంగు పచ్చ నుంచి ఎరుపుకు మారింది. జీతాలు నత్తనడక పట్టాయి. పైగా ఇక్కడున్న భార్యాబిడ్డలకు తలకింత అని సర్కారుకు కట్టాల్సిన లెవీ. వాళ్లిద్దరినీ మళ్లీ రావడానికి లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద ప్రొద్దుటూరు పంపక తప్పలేదు. సెలవులకు పోతున్నామని పాపతో చెప్పాం. ఇక తిరిగి రాదని చెప్పడానికి నోరు రాలేదు.

"అస్గర్ సాబ్‌ను పిలవద్దు. ఆయప్ప అబద్ధమాడడు. పాప ముందర ఉన్నదున్నట్టు అనేస్తాడు," అంది అఫ్షాన్.

పిలవలేదు. అయినా కారులో పెట్టెలు సర్దుతుంటే వచ్చి నిలబడ్డాడు. పాప ఆయన చెయ్యి పట్టుకుంది.

"చాచా, సెలవులైనాక మల్లా ఈడికే వస్తాం గదా?"

ఆయన అన్ని పెట్టెలనూ చూశాడు, నన్ను చూశాడు.

"వస్తావు," అన్నాడు.

"రెండో సాక్షి ఎవరు?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ నాయన."

నేను తలూపాను.

వాళ్లు పోయిన తరవాత ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. అఫ్షాన్ గొంతు, పాప పరుగు లేని ఇల్లు నాకెందుకనిపించింది. పొయ్యి వెలిగించడం మానేశాను. ఒక సాయంత్రం అస్గర్ సాబ్ వచ్చాడు.

"తిన్నావా?"

"తిన్యా."

"రెండో సాక్షి?"

చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు. ఆయన సరాసరి వంటింట్లోకి వెళ్లి అన్నం ఎక్కించి, దాన్ని శుభ్రంగా మాడ్చి, రెండు ప్లేట్లలో పెట్టుకొచ్చాడు. "సాక్షి పక్కన కూర్చుని చూడాలి. అది మా వృత్తి నియమం," అన్నాడు. ఇక రోజూ అదే నియమం.

ఒకరోజు మేం తింటూ ఉంటే ఊరినుంచి ఫోనొచ్చింది.

"నాయనా, అన్నం తిన్యావా?"

"తిన్యా తల్లీ."

"రెండో సాక్షి ఎవరు?"

ఫోను అస్గర్ సాబ్‌కు ఇచ్చాను. ఆయన నా ప్లేటు పరిశీలించి, వార్త చదివినట్టు చెప్పాడు. "తిన్నాడు. నేను చూశాను. రెండు ముద్దలు వదిలేశాడు."

"అవీ తినమను," అంది పాప. "అవీ తిను," అన్నాడాయన ప్లేటు నా ముందుకు జరిపి.

ఇద్దరూ ఒకటే మాట అన్నాక ఏం చేస్తాను, తిన్నాను.